తండ్రి పేరు / సంరక్షకుని పేరు

(సొసైటీ వార్షిక సభలో, మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ సభలో నాకు ఇచ్చే అంశం ఒకటే, ఆడపిల్లల చదువు. ఈసారి కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, “భాయ్, ఈ సంవత్సరం అంశం నేనే ఎంచుకుంటాను” అన్నాను. ఏమిటని అడిగారు. చెప్పాను. కాసేపు ఫోన్లో మాట లేదు. తర్వాత, “మహిళల వైపే మాట్లాడతారు కదా, ఆపా?” అన్నారు. “కాదు, పరదా అవతల మగవాళ్ల వైపు కూడా ఒక స్పీకర్ పెట్టించండి. అసలు వినవలసింది వాళ్లే” అన్నాను. పెట్టించారు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక. అవతల ఇప్పటికే దగ్గులు మొదలయ్యాయి, ఫరవాలేదు.

నేను ఇరవై తొమ్మిదేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మొదటి పన్నెండు, పదమూడేళ్లు ఆ పాఠం నేను సరిగా చెప్పలేదు. పువ్వులో పరాగ సంపర్కం చక్కగా బొమ్మ వేసి చెప్పేదాన్ని. మనిషి దగ్గరికి వచ్చేసరికి, “ఇది ఇంటి దగ్గర చదువుకోండి, పరీక్షకు బొమ్మ ఒక్కటి వస్తుంది” అని పేజీ తిప్పేదాన్ని. అలా పేజీ తిప్పించుకున్న పిల్లల్లో ఒకమ్మాయి గత సంవత్సరం రంజాన్ తర్వాత ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది.

ఆమె ఊరు, పేరు చెప్పను. చెప్పవచ్చునని ఆమే అనుమతి ఇచ్చింది కాబట్టి విషయం మాత్రం చెబుతున్నాను. నికాహ్ అయి ఎనిమిదేళ్లు. పిల్లలు లేరు. ఈ ఎనిమిదేళ్లలో ఆమె తినని మాత్ర లేదు. ట్యూబుల పరీక్ష రెండుసార్లు చేశారు, నొప్పితో స్పృహ తప్పినంత పని అయిందట. తావీజులు, దర్గాలు, నాటు మందులు సరేసరి. ఆరేళ్ల పాటు భర్తకు ఒక్క పరీక్ష కూడా చేయించలేదు. “మా వాడికేం, పులిలాగా ఉన్నాడు” అని అత్తగారి మాట. చివరికి ఒక లేడీ డాక్టరు, భర్త రిపోర్టు లేకుండా నేను మందు రాయను అని గట్టిగా చెప్పేసరికి చేయించారు. రిపోర్టులో శుక్రకణాల సంఖ్య దగ్గర సున్నా అని ఉంది. ఆ కాగితం చూసిన రోజు నుంచి ఆ అబ్బాయి ఇంట్లో మాట్లాడటం మానేశాడు. పని, నమాజు, పడక. అంతే.

ఇక ఆ తర్వాత జరిగింది వినండి. పెద్ద ఆడబిడ్డ ఒక ఉపాయం తెచ్చింది. మరిది ఉన్నాడు కదా, ఇంకా పెళ్లి కాలేదు, ఒకే రక్తం, ఒకే పోలిక. అతని వీర్యం ఒక శుభ్రమైన డబ్బాలో తీసుకుని, సూది లేని సిరంజితో ఇంట్లోనే ఎక్కిస్తే చాలట. తెలిసిన కాంపౌండరు ఒకాయన ఎలా చేయాలో చెబుతాడట. ఆస్పత్రి ఖర్చు లేదు, ఎవరికీ తెలియదు. “ఎవరూ ఎవరినీ ముట్టుకోవడం లేదు, ఇందులో జినా ఎక్కడుంది?” అని ఆమె వాదన. అత్తగారు ఊ అనలేదు, ఊహూ అనలేదు. మరిది తల వంచుకుని ఉన్నాడు. భర్త గది తలుపు వేసుకున్నాడు.

ఇదంతా ఆ అమ్మాయి చెబుతుంటే నేను ఏం చేశాననుకున్నారు? “తౌబా తౌబా, ఇదేం మాట, నువ్వెలా విన్నావు?” అని గద్దించాను. ఆ పిల్ల నా వైపు చూసి, “టీచర్, నన్ను ఎవరూ అడగలేదు. నా ఒంట్లోకి ఎక్కించేది, నన్ను తప్ప అందరినీ అడిగారు. మీరు కూడా నన్నే తిడుతున్నారు” అంది. నేను లేచి వెళ్లి టీ పెట్టాను. ఏం చేయాలో తోచక పెట్టిన టీ అది. తాగుతూ ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ రోజు నాకు సగమే తెలుసు. మిగతాది తర్వాత ఆరు నెలల్లో డాక్టర్లను, వకీలును, మన మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడిగి తెలుసుకున్నాను. ఆ తెలుసుకున్నదే మీ ముందు పెడుతున్నాను.

ఇది కేవలం ఆ ఆడబిడ్డ బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో తెలిసిన మనిషిని దాతగా పెట్టుకుని, క్లినిక్‌కు వెళ్లకుండా ఇంట్లోనే సిరంజితో చేసుకోవడం ఉంది. అక్కడ ఎక్కువగా చేసుకునేది భర్త లేని స్త్రీలు, ఇద్దరు స్త్రీలు కలిసి కాపురం చేసే జంటలు. ఖర్చు తక్కువని, బిడ్డకు తండ్రి ఎవరో రేపు చెప్పగలమని ఆ దారి ఎంచుకుంటారు. ఆ రెండో కారణం గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. వాళ్లలో చాలామంది ముందే కాగితం రాసుకుంటారు, దాతకు హక్కులూ లేవు, బాధ్యతలూ లేవు అని. ఆ కాగితం నిలుస్తుందా? అమెరికాలో కాన్సస్ రాష్ట్రం టొపీకా నగరంలో 2009లో ఒకతను ఇలాగే ఒక జంటకు వీర్యం ఇచ్చాడు. కాగితం రాసుకున్నారు. తర్వాత బిడ్డ పోషణకు ప్రభుత్వ సహాయం అవసరమైతే, 2012లో రాష్ట్ర ప్రభుత్వం అతని మీద దావా వేసింది, బిడ్డ ఖర్చు నువ్వు కట్టమని. డాక్టరు చేతి మీదుగా జరగలేదు కాబట్టి నువ్వు దాతవు కాదు, తండ్రివే అని 2014 జనవరిలో అక్కడి కోర్టు చెప్పింది. 2016 చివర్లో మళ్లీ తండ్రి కాదని తేల్చారు. ఆ నాలుగేళ్లూ అతనికీ, ఆ తల్లికీ కోర్టు మెట్లే. బ్రిటన్‌లోనూ అంతే. లైసెన్సు ఉన్న క్లినిక్ ద్వారా ఇస్తే దాతకు తండ్రి హోదా రాదు, పెళ్లి కాని స్త్రీకి ఇంట్లో ఇస్తే చట్టం దృష్టిలో అతనే తండ్రి.

వైద్యం సంగతి. ఇంట్లో చేస్తే ఏమవుతుందని ఆ అమ్మాయి అడిగింది. వీర్యంతో పాటు హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ లాంటివి రావచ్చు. మనవాడే కదా అంటారు. మనవాడి రక్తంలో ఏముందో మన కంటికి కనబడదు. హెచ్ఐవీ సోకిన మొదటి వారాల్లో పరీక్ష చేసినా బయటపడకపోవచ్చు. అందుకే వీర్య బ్యాంకుల్లో వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, నెలల తర్వాత దాతను మళ్లీ పరీక్షించి అప్పుడు వాడే పద్ధతి వచ్చింది. ఇంకొకటి. ఆస్పత్రిలో గర్భాశయంలోకి పంపే ముందు వీర్యాన్ని కడిగి శుక్రకణాలను మాత్రం వేరు చేస్తారు. ఎవరైనా తెలిసీ తెలియని మనిషి సన్నటి గొట్టంతో కడగని వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కిస్తే విపరీతమైన నొప్పులు, ఇన్ఫెక్షన్ వస్తాయి. ఆ ఇన్ఫెక్షన్‌తో ట్యూబులు మూసుకుపోతే అంతవరకూ బాగున్న స్త్రీ నిజంగానే గొడ్రాలవుతుంది. ఆ మాట నాకు నచ్చదు, కానీ అత్తగార్లు వాడే మాట అదే కాబట్టి వాడాను.

మన దేశంలో చట్టం ఏం చెబుతుంది? 2005లోనే భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, బంధువులు గానీ స్నేహితులు గానీ ఇచ్చిన వీర్యం వాడకూడదని మార్గదర్శకాల్లో రాసింది. 2021లో సంతాన సాఫల్య పద్ధతుల నియంత్రణ చట్టం వచ్చింది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. శుక్రకణాలను శరీరం బయట పట్టుకుని స్త్రీ శరీరంలోకి పంపే పద్ధతులన్నీ ఆ చట్టం నిర్వచనంలో ఉన్నాయి. దాత 21 నుంచి 55 ఏళ్ల వాడై ఉండాలి, రిజిస్టరైన బ్యాంకు ద్వారానే రావాలి, అంటురోగాల పరీక్షలు జరగాలి, ఒక దాత వీర్యం ఒక్క జంటకే ఇవ్వాలి. ఆ దారిలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డే, దాతకు ఏ హక్కూ లేదు. సిరంజి, డబ్బా, కాంపౌండరుతో ఇంట్లో చేసిన పనికి ఆ రక్షణ ఏదీ లేదు. వకీలు గారు ఇంకో మాట చెప్పారు. వివాహం నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని పాత సాక్ష్య చట్టం 112వ సెక్షన్ చెప్పేది, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో అది 116వ సెక్షన్. కాబట్టి కాగితం మీద ఇబ్బంది లేదని ఆ ఇంట్లో అనుకున్నారు. కానీ డీఎన్ఏ ఫలితం ఎదురుగా ఉన్నప్పుడు ఆ భావన నిలబడదని 2014లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. అంటే ఆ బిడ్డ పేరు ఏదో ఒక రోజు ఎవరి కోపం మీదో, ఎవరి ఆస్తి తగాదా మీదో ఆధారపడి ఉంటుంది.

ఆస్తి అన్నాను కాబట్టి ఇది కూడా వినండి. మన ఫరాయిజ్ లెక్కలో సంతానం లేకుండా భర్త పోతే భార్యకు నాలుగో వంతు. సంతానం ఉంటే ఎనిమిదో వంతు. కొడుకు ఉంటే పోయిన మనిషి అన్నదమ్ములకు ఏమీ రాదు. కొడుకు లేకపోతే వాళ్లు వారసులవుతారు. ఇప్పుడు ఆ మరిది రేపు పెళ్లి చేసుకుని, భార్య మాట విని, ఈ పిల్లవాడు నా వాడే, మా అన్నకు కొడుకే లేడు అని నిలబడితే? మంచివాడు, అలా అనడు అంటారు. ఆస్తి పంపకాల రోజున మంచివాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక ధర్మం సంగతి. నేను ఆలిమాను కాను. ఇమామ్ సాహెబ్ చెప్పింది చెబుతున్నాను. తెలిసిన మనిషి ద్వారా సంతానం పొందడం కొత్తది కాదట. హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో నికాహ్ అధ్యాయంలో ఉంది. అజ్ఞాన కాలంలో అరబ్బుల్లో నాలుగు రకాల వివాహాలు ఉండేవి. వాటిలో ఒకటి ఇస్తిబ్‌జా. భర్తే తన భార్యను, మంచి వంశం కోసం, పేరున్న మరో మగవాడి దగ్గరికి పంపేవాడు. గర్భం తేలేదాకా భర్త ఆమెకు దూరంగా ఉండేవాడు. దైవప్రవక్త (స) వచ్చాక, ఇప్పుడు మనం చేసుకుంటున్న నికాహ్ ఒక్కటే మిగిలింది, మిగతావన్నీ పోయాయి. మా స్కూల్లో తెలుగు మాస్టారితో ఈ మాట అంటే ఆయన, “మా భారతంలోనూ ఉందండీ, విచిత్రవీర్యుడు పోయాక వ్యాసుడి ద్వారానే ధృతరాష్ట్రుడు, పాండురాజు పుట్టారు. దాన్ని నియోగం అంటారు. కలియుగంలో కూడదన్నారు” అన్నారు. మనిషి బాధ ఎక్కడైనా ఒకటే.

మరి సిరంజి మాట? 1978లో ఇంగ్లండులో మొదటి టెస్ట్ ట్యూబ్ శిశువు పుట్టింది. రెండేళ్లు తిరక్కుండానే, 1980లో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షేఖ్ జాదుల్ హఖ్ దీని మీద ఫత్వా ఇచ్చారు. భార్యాభర్తల మధ్యే అయితే వైద్య సహాయం తీసుకోవచ్చు, మూడో మనిషి వీర్యం గానీ అండం గానీ రాకూడదు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ ఏడు పద్ధతులను పరిశీలించి, మూడో మనిషి వచ్చే అయిదింటిని నిషిద్ధమని, దంపతుల మధ్యే ఉండే రెండింటిని అవసరమైతే చేసుకోవచ్చని తీర్మానించింది. ఇరాన్‌లో కొందరు షియా ఉలమా వేరుగా చెప్పారు, దాని చర్చ వాళ్ల మధ్యే పెద్దది. మనకు సంబంధించినంత వరకు ఇమామ్ సాహెబ్ మాట స్పష్టం. ముట్టుకున్నారా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. నసబ్, అంటే ఈ బిడ్డ ఎవరి బిడ్డ అన్నది అసలు ప్రశ్న. విడాకులైన స్త్రీ మూడు రుతుకాలాలు ఇద్దత్‌లో ఎందుకు ఉంటుంది? కడుపులో ఎవరి బిడ్డ ఉన్నాడన్న సందేహం లేకుండా ఉండటం ఆ కారణాల్లో ఒకటి. అంత జాగ్రత్త పెట్టిన ధర్మం సిరంజి చూసి ఊరుకుంటుందా అన్నారు.

ఇక్కడ నా క్లాసులో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా స్కూల్లో పిల్లలందరికీ బ్లడ్ గ్రూపు పరీక్ష చేశారు. మర్నాడు నేను బోర్డు మీద గ్రూపుల పట్టిక వేసి, తల్లిదండ్రులవి ఏవైతే పిల్లలకు ఏవి వస్తాయో చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి చేయి ఎత్తాడు. “టీచర్, మా నాన్నది ఓ. మా అమ్మది ఓ. నాది బీ వచ్చింది. పట్టిక తప్పా?” తల్లీ తండ్రీ ఇద్దరూ ఓ అయితే బిడ్డ ఓ అవ్వాలి. ఎంతో అరుదైన సందర్భంలో తప్ప మరోటి రాదు. చాక్‌పీసు చేతిలో పట్టుకుని నేను, “రిపోర్టు తప్పు రాసి ఉంటారు నాన్నా, కూర్చో” అన్నాను. వాడు కూర్చున్నాడు గానీ నమ్మలేదు, తెలివైన పిల్లవాడు. వారం తిరక్కుండా వాళ్లమ్మ స్కూలుకు వచ్చి, “అలాంటి పాఠాలు ఎందుకు చెబుతారండీ” అని ఒక్క మాట అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జూన్‌లో వాడు మా స్కూల్లో లేడు. ఆ తల్లి వెనక ఉన్న కథ ఏమిటో, పెంపుడు బిడ్డో, మరేదో, నేను అడగలేదు, అడగవలసిన పని నాది కాదు. కానీ అంత పెద్ద సంగతి ఒక పిల్లవాడికి నల్లబల్ల మీది పట్టిక చూసి తెలియకూడదు. అది నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట ఇదే. ఆ దేశాల వాళ్లు తెలిసిన దాతను ఎంచుకునే కారణాల్లో ఒకటి, బిడ్డకు రేపు నిజం చెప్పవచ్చునని. స్వీడన్ 1985లోనే దాత ఎవరో పెద్దయ్యాక బిడ్డ తెలుసుకోవచ్చునని చట్టం చేసింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తర్వాత క్లినిక్ ద్వారా ఇచ్చిన దాతల వివరాలు పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డ అడిగితే ఇవ్వాలి. రహస్యంగా పెంచిన పిల్లలు పెద్దవాళ్లయి, మాకు ఎందుకు దాచారని అడిగారు కూడా. మన ఆడబిడ్డ ఉపాయం దానికి తిరగేసి ఉంది. దాత ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు, కాంపౌండరుకు కూడా తెలుసు. ఆ బిడ్డకు తప్ప.

నేను ఆ ఇంటికి వెళ్లాను. ఆ అమ్మాయి రమ్మంటేనే వెళ్లాను. చట్టం చెబితే అత్తగారు వినలేదు. ఫత్వా చెబితే, “అల్లాహ్ గఫూరుర్రహీమ్, ఆయనకు మా బాధ తెలుసు” అని ఏడ్చారు. నాకూ కళ్లలో నీళ్లు వచ్చాయి. చివరికి ఆమెను ఆపింది వేరే మాట. “అమ్మీ, రేపు మీ చిన్నబ్బాయికి పెళ్లి అవుతుంది, ఆడపిల్ల పుడుతుంది అనుకోండి. మీ ఇంట్లో చాచా పిల్లలకు సంబంధం కలుపుకోవడం మామూలే కదా. ఇరవై ఏళ్లకు మీ పెద్దబ్బాయి కొడుకు, చిన్నబ్బాయి కూతురు అని మురిసిపోయి మీరే నిశ్చయం చేస్తారు. అప్పుడు ఎవరు అడ్డం పడతారు? ఏమని చెప్పి అడ్డం పడతారు? వాళ్లిద్దరూ ఒకే తండ్రి బిడ్డలు” అన్నాను. ఆమె పాన్ డబ్బా మూత వేసి పక్కన పెట్టారు. చాలాసేపటికి, “అప్పటికి నేను ఉండను కదా, చెప్పడానికి” అన్నారు. ఆ సాయంత్రం తర్వాత ఆ సిరంజి మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

కాదన్నాక నోరు మూసుకుని వచ్చేస్తే అది అన్యాయం. మరేమిటి దారి అని వాళ్లు అడుగుతారు కదా. పరదా అవతల ఉన్నవారు ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి.

ప్రపంచంలో దాదాపు ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఎదురవుతుందని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. మగవారి పరీక్ష అన్నింటికంటే తేలిక. మత్తు లేదు, కోత లేదు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి, శుభ్రమైన డబ్బాలో నమూనా ఇవ్వాలి, గంటలోపు ల్యాబుకు చేరాలి. ఆడవాళ్లకు అన్ని పరీక్షలూ చేయించి చివరికి ఇది చేయించడం, ఇల్లంతా తవ్వి చివరికి జేబు వెతుక్కోవడం లాంటిది. ఒక్క రిపోర్టుతో బెంబేలు పడకూడదు. కొన్ని వారాల తేడాతో రెండోసారి చేయించాలి. సున్నా అని వస్తే, నమూనాను యంత్రంలో తిప్పి అడుగున చూశారా అని అడగాలి.

సున్నా అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. కొందరిలో కణాలు తయారవుతాయి గానీ గొట్టం మూసుకుపోయి బయటికి రావు. కొందరికి యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు దెబ్బతిని ఉంటాయి. కొందరికి నరాలు ఉబ్బి ఉంటాయి, వేరికోసీల్ అంటారు. కొందరికి హార్మోన్ల లోపం, మందుకు లొంగుతుంది. కండలు పెంచడానికి జిమ్ముల్లో వేసుకునే ఇంజెక్షన్లు కూడా కణాలను సున్నాకు తెస్తాయి, కుర్రవాళ్లు ఇది ఇంట్లో చెప్పరు. బట్టీల దగ్గర, పొయ్యిల దగ్గర రోజంతా వేడిలో పని చేసేవారికి సంఖ్య తగ్గవచ్చు. ఒక కణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి ఏ వైద్యమైనా ఫలితం మూడు నెలలకు గానీ తెలియదు. ఒక్క కణాన్ని ఒక్క అండంలోకి పంపే పద్ధతి, ఇక్సీ, 1992 నుంచి ఉంది, దానికి కణాలను వృషణంలోంచే తీయవచ్చు. భర్త కణమే, భార్య అండమే. మూడో మనిషి లేడు. ఖర్చు ఎక్కువ, ప్రతిసారీ ఫలించదు.

ఆ అబ్బాయిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది మా వారు. నేను వెళ్లి ఉంటే అతను వచ్చేవాడు కాదు. ఇద్దరూ బస్సులో వెళ్లి, బస్సులో వచ్చారు. దారిలో క్రికెట్ గురించి మాట్లాడుకున్నారట. మూడోసారి వెళ్లేటప్పుడు అతనే ఫోన్ చేసి, చాచా, రేపు వెళ్దామా అన్నాడట. కణాల కోసం సూక్ష్మదర్శినితో వెతికే ఆపరేషన్ కూడా అయింది. దొరకలేదు. నేను మీకు సంతోషకరమైన ముగింపు తేలేదు, క్షమించండి. కానీ ఆ అబ్బాయి మళ్లీ మాట్లాడుతున్నాడు. తల్లి ముందు కూర్చుని, “లోపం నాది, ఇంకెప్పుడూ ఆమెను అనకండి” అన్నాడు. ఎనిమిదేళ్లలో తన మొగుడు తన పక్కన నిలబడటం అదే మొదటిసారి అని ఆ పిల్ల నాతో చెప్పింది.

ఇప్పుడు వాళ్లు ఒక బిడ్డను పెంచుకోవాలని చూస్తున్నారు. మనలో దత్తత లేదు అని ఒక మాట అంటారు. బిడ్డను పెంచడం లేదని కాదు. ఆ బిడ్డ పుట్టుకను చెరిపేసి మన పుట్టుకగా చెప్పుకోవడం లేదు. దైవప్రవక్త (స) హజ్రత్ జైద్‌ను (ర) ఎంత ప్రేమగా పెంచుకున్నారో మనకు తెలుసు. అహ్‌జాబ్ సూరా అవతరించాక ఆయన్ను మళ్లీ తండ్రి పేరుతో జైద్ బిన్ హారిసా అని పిలిచారు. ప్రేమ తగ్గిందా? 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏ మతం వారైనా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని చెప్పింది. ఇష్టం ఉన్నవారు తీసుకోవచ్చు, బలవంతం లేదు. అది కారా సంస్థ ద్వారా జరుగుతుంది, చాలాకాలం వేచి ఉండాలి. ఆ దారిలో పెరిగిన బిడ్డకు పెద్దయ్యాక తన మూలాలు వెతుక్కునే హక్కు కూడా నిబంధనల్లో ఉంది. అలా వద్దనుకునేవారికి 1890 నాటి సంరక్షకుల చట్టం కింద సంరక్షణ తీసుకునే దారి ఉంది. మహ్రమ్ ఇబ్బంది గురించి ఇమామ్ సాహెబ్ చెప్పింది ఇది. రెండేళ్లు నిండని మగబిడ్డకు పెంచే తల్లి సొంత అక్కో చెల్లెలో పాలు పడితే, పెంచే తల్లి వాడికి ఖాలా అవుతుంది. ఆడబిడ్డ అయితే పెంచే తండ్రి అక్కచెల్లెళ్లలో ఒకరు పాలు పడితే అతను మామూ అవుతాడు. పరదా సమస్య తీరిపోతుంది. ఆస్తి విషయంలో, బతికుండగానే హిబా ఇవ్వవచ్చు, మూడో వంతు వరకు వసీయత్ రాయవచ్చు. మన ఇళ్లలో ఇంత తేలికైన సంగతులు తెలియక, తెలిసిన కాంపౌండర్ల దగ్గరికి వెళ్తున్నాం.

స్కూలు అడ్మిషన్ ఫారంలో ఒక గడి ఉంటుంది. తండ్రి పేరు, గీత, సంరక్షకుని పేరు. ఏది వర్తించదో అది కొట్టివేయమని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇన్నేళ్లుగా జూన్ నెలలో ఆ ఫారాలు నేనే నింపించాను. దాదాపు అందరూ రెండోది కొట్టేస్తారు. మొదటిది కొట్టేసి రెండోది రాసిన ఫారం కూడా చెల్లుతుంది, ఆ పిల్లవాడికి కూడా అదే బెంచీ, అదే పుస్తకాలు, అదే మధ్యాహ్న భోజనం.

కార్యదర్శి గారికి నా విన్నపం. మన సొసైటీ ఏటా కుట్టుమిషన్లు ఇస్తుంది, స్కాలర్‌షిప్పులు ఇస్తుంది, పేద పిల్లల నికాహ్‌లు చేయిస్తుంది. వైద్య సహాయ నిధి కూడా ఉంది. ఆ నిధిలోంచి, మూడేళ్లయినా పిల్లలు లేని జంటల్లో భర్త పరీక్షకు డబ్బు ఇప్పించండి. ఆమె మందులకు అడిగితే ముందు ఆయన రిపోర్టు అడగండి. షరతు పెట్టినందుకు నన్ను తిట్టేవారుంటే నా పేరు చెప్పండి. మా వారు కూడా, మగవాళ్లు ఎవరైనా తోడు కావాలంటే డాక్టరు దగ్గరికి వస్తానన్నారు. ఆయనకు ఇప్పుడు బస్సు టైములన్నీ తెలుసు.

నేను ఆదివారం అసర్ తర్వాత ఇంట్లోనే ఉంటాను. ఎవరైనా రావచ్చు. ఒక్కరే కాకుండా భర్తతో కలిసి వస్తే ఇంకా మంచిది. ఈసారి ముందు టీ పెడతాను, తర్వాతే మాట్లాడతాను.

వస్సలాము అలైకుమ్.